రోజుకు నూట పది నిమిషాలు

మూడో ప్రెస్సు పక్కన, నేల మీది బూడిదరంగు పెయింటు రెండు చోట్ల అరిగిపోయి ఉంది. ఒక్కొక్క మచ్చ ఒక బూటంత. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకే మనిషి ఒకే చోట నిలబడితే నేల కూడా అతని కొలత తీసుకుంటుందని నాకు తెలియదు. కొలతలే నా వృత్తి అయినా.

నేను విశాఖపట్నంలో ముప్పై నాలుగేళ్లు స్టాటిస్టిక్స్ బోధించాను. మా అమ్మాయి ఇంద్రజ అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉంటుంది. అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో, కారు తలుపులకు బందులు చేసే ఫ్యాక్టరీకి మేనేజరు. ఉక్కు రేకును అచ్చులో పెట్టి ఒత్తే ప్రెస్సులు అక్కడ వరుసగా ఆరున్నాయి. ఈ మార్చిలో వచ్చాక ఫ్యాక్టరీ చూపించమని నేనే అడిగాను. ఎందుకు అడిగానో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పటి రాకలో ఇంద్రజ ఒక ఉదయం లాప్‌టాప్ నా ముందు పెట్టింది. "అమ్మా, గంటకి మా ప్రొడక్షన్ పెరగట్లేదు. హెడ్డాఫీసు వాళ్లు ప్రాణాలు తోడేస్తున్నారు. కాస్త చూసి పెట్టవా," అంది.

పులుసులో ఉప్పు సరిపోయిందా అని తప్ప నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. నలభై రెండు మంది, ఇరవై రోజులు, ఏ నిమిషంలో ఎవరేం చేశారన్న లెక్క. పేర్లు లేవు, నంబర్లే. మధ్యాహ్నానికల్లా నాకు దొరికింది పదిహేడో నంబరు. రోజుకు నూట పది నిమిషాలు మూడో ప్రెస్సు మీద చెయ్యి వేసి ఊరికే నిలబడతాడు. ప్రింటు తీయించుకుని ఆ వరుస కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశాను.

"ఈ నిమిషాలకు కారణం ఈ అంకెల్లో లేదు," అన్నాను.

నెల తిరగకుండా ఆ ఉద్యోగం తీసేశారు. తొలి మూడు నెలల్లో ఒక్కొక్క పనిగంటకు ఉత్పత్తి ఆరు శాతం పెరిగింది. ఆ ఆరు శాతాన్ని బీచి రోడ్డు మీద నడకకు వచ్చే స్నేహితురాళ్లందరికీ చెప్పుకున్నాను.

తర్వాత అచ్చులు పగలడం మొదలైంది. పోయిన ఏడాదిలో తొమ్మిది పగిలాయి. మూడో ప్రెస్సు ఆగితే దాని తర్వాతివి మూడూ ఆగుతాయి. పగలబోయే ముందు యంత్రంలో వచ్చే తేడాను పసిగట్టగల మనిషి కోసం పదకొండు నెలలు ప్రకటన ఇచ్చినా ఎవరూ రాలేదు. ఆ పని నేర్పే కోర్సును, చేరేవాళ్లు లేక, దగ్గరి కాలేజీలో ఎత్తేశారు. ఫ్యాక్టరీ ఉంచాలా, మూయాలా అన్నది హెడ్డాఫీసు వాళ్లు తేలుస్తారు. దానికోసం ఇంద్రజ సోమవారానికి కారణాల నివేదిక పంపాలి. నేను ఫ్యాక్టరీ చూసింది అంతకుముందు శనివారం.

ఇంద్రజతో వెళ్లాను. సెలవు కావడంతో షిఫ్టు సూపర్‌వైజరు రేష్మ ఒక్కతే ఉంది. వరంగల్ అమ్మాయి. నేను ఆ అరిగిన చోట అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంటీ, జర ఇటు జరగండి. అది స్టాన్ జాగ."

పదిహేడో నంబరు పేరు స్టాన్ అని అప్పుడే తెలిసింది. "ఆయన ఇప్పుడు ఇక్కడ పని చేయడం లేదు కదమ్మా."

"పని కాదాంటీ, మనిషే లేడు. జనవరిల పోయిండు. అయినా ఎవ్వరం తొక్కం. పెయింట్ వేస్తమంటె వద్దన్నం." చిన్నగా నవ్వింది. "బతికున్నప్పుడు ఈడ మాట్లాడితె వేలు చూపెట్టి నోరు మూయిస్తుండె. ఇప్పుడు గూడ ఈడికొస్తె మెల్లగనే మాట్లాడ్తం."

"ఇక్కడ నిలబడి ఏం చేసేవాడు?"

రేష్మ నన్ను వింతగా చూసింది. "వింటుండె ఆంటీ. మేడమ్‌కి తెల్సు కదా."

ఇంద్రజ ఆరో ప్రెస్సు వైపు తిరిగి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర ఇంద్రజ నివేదిక రాస్తుంటే వెనక నిలబడి చదివాను. 'మూలకారణం: దేశవ్యాప్తంగా నైపుణ్యం గల పనివారి కొరత.' అబద్ధం కాదు. ఈ దేశపు పత్రికలు రోజూ రాసేదీ అదే.

"రెండేళ్ల కిందటి షీటు తెరువు," అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా?"

"తెరువు."

తెరిచింది. ఈసారి అంకెలు చూడలేదు, వాటి పైనున్న అక్షరాలు చూశాను. హెచ్ తర్వాత జె ఉంది. ఆ రోజూ అలాగే ఉండి ఉంటుంది.

"ఐ ఏది?"

ఇంద్రజ మౌస్‌తో ఆ రెండక్షరాల మధ్య గీతను పక్కకు లాగింది. దాచిన నిలువు వరుస విప్పుకుంది. రిమార్కులు. పదిహేడో నంబరుకు ఎదురుగా: 'ప్రెస్సును వింటున్నాడు. అచ్చు ఎప్పుడు మార్చాలో ఇతనే చెబుతాడు. ఒకరిని ఇస్తే రెండేళ్లలో నేర్పుతానని అడిగాడు.'

ఆ షీటు నాటి నుంచి అతను పోయిన జనవరికి ఇరవై రెండు నెలలు. ఉంచి ఉంటే చాలావరకు నేర్పి ఉండేవాడు.

"ఎందుకు దాచావు?"

"చూస్తే తిడతావని. టెంత్‌లో నా సర్వే ప్రాజెక్టులో రిమార్కులన్నీ కొట్టేశావు. మనుషులు చెప్పేవి కబుర్లు, డేటా కాదన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. ఆమెకు పదిహేనేళ్లు. అప్పుడూ ఎర్ర పెన్సిలే. అచ్చు పగలడానికి కారణం వినేవాడు లేకపోవడం, అతను లేకపోవడానికి కారణం నా గీత, ఆ గీతకు కారణం నేను చూడని వరుస, ఆ వరుస దాగడానికి కారణం మళ్లీ నేనే.

"కొరత అని రాస్తే ఏమవుతుంది?"

"మూసేస్తారు. దొరకని మనిషి కోసం ఎవరాగుతారు? మేమే పోగొట్టుకున్నామని రాస్తే ఇంకో ఏడాది ఇస్తారేమో. రేష్మ తొమ్మిదేళ్లు అతని పక్కన పనిచేసింది, ఎంతో కొంత పట్టుబడి ఉంటుంది. కానీ నన్ను మాత్రం ఉంచరమ్మా."

"రాయి. నా పేరు కూడా రాయి."

"నువ్వు ఎంప్లాయీవి కాదుగా," అంది తల తిప్పకుండా. "నీ పేరుకి ఇందులో గడి లేదు."

కొరత అన్న వాక్యం చెరిపి, ఆ రిమార్కును ఉన్నదున్నట్టు అక్కడ పెట్టింది.

ఫ్యాక్టరీకి ఏడాది గడువిచ్చారు. ఇంద్రజకు రెండు వారాలు. రేష్మ ఇప్పుడు రోజూ మూడో ప్రెస్సు మీద చెయ్యి వేసి నిలబడుతోందట. ఆ గుర్తుల్లో కాదు, పక్కన.

నేను మే నెలాఖరుదాకా ఇక్కడే ఉంటాను. నిన్న సాయంత్రం డిష్‌వాషర్ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంటే మనవరాలు వేద వచ్చింది.

"అమ్మమ్మా, అది బ్రోక్ అయిందా?"

"లేదమ్మా. వింటున్నాను."

తనూ పక్కన చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, చాలా శ్రద్ధగా విన్నది.

"జస్ట్ షేక్ అవుతుంది, అంతే," అంది.

నాకూ అంతే తెలుస్తోంది.