ఎడమ సీటు

ఆడమనిషి కాలు పడితే మా బండి రెచ్చిపోతుంది. కిరండూల్‌లో మా గని కాలనీ అంతటికీ తెలిసిన సంగతి ఇది. పాలు పోసే మనిషికి తెలుసు, మెకానిక్ సీతారాములుకు తెలుసు, వారపు సంతలో చింతపండు అమ్మే గంగేకు కూడా తెలుసు. నేను సంచీ పట్టుకుని నడిచి వెళ్తే "క్యా దీదీ, గాడీ ఫిర్ భాగ్ గయా క్యా?" అని, బండి మళ్లీ పరుగు తీసిందా అని, నవ్వుతుంది. ఈ మాటను నమ్మని మనిషిని నేనొక్కదాన్నే. విచారమేమిటంటే, నమ్మకపోవడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు. ఆధారాలన్నీ వాళ్ల పక్షానే ఉన్నాయి.

బండి పాతది, డీజిల్‌ది. మా ఆయన భానుప్రసాద్ గనిలో భద్రతా విభాగంలో పనిచేస్తున్న రోజుల్లో కొన్నారు. కొన్నది ఆయన, నడిపింది ఆయన, కడిగింది నేను. కొండ మీది ఇనుపరాతి ధూళి రోజూ కుంకుమలా దిగి దాని మీద కూర్చుంటుంది. ఉదయాన్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని దాని ముఖం తుడవడం నా దినచర్య. బడిలో భౌతికశాస్త్రం చెప్పిన కాలంలోనూ అంతే, రిటైరయ్యాకా అంతే. తుడిచేటప్పుడు నా చెయ్యి తగిలితే ఆ బండికి ఎన్నడూ అభ్యంతరం ఉండేది కాదు. నా చెయ్యి సరిపడి నా కాలు సరిపడకపోవడానికి ఇనుముకు కారణమేముంటుందా అని ఆలోచిస్తూ అద్దాలు తుడిచేదాన్ని.

డ్రైవింగ్ రిటైరయ్యాకే నేర్చుకున్నాను. దంతెవాడలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు నా పాత శిష్యురాలు వార్డెన్. పదో తరగతి పిల్లలకు వారానికి రెండు రోజులు సైన్సు చెప్పమని అడిగింది. బస్సు ఉంది. కాని ఆ బస్సు వేళలు నిర్ణయించిన వారికి మా ఇంటి వేళలు తెలియవు. మా అత్తగారు అప్పలకొండమ్మ గారు ఒంటిగంటకు వేడి అన్నం తినాలి. ఆమె కొడుకు ఒంటిగంటా పదికి తినాలి. ఇద్దరూ ఒకేసారి ఎందుకు తినరని పెళ్లయిన కొత్తలో అడిగితే, "ఆడు పేపరు సదువుకోవాలి కదే," అన్నారు అత్తగారు. అప్పటి నుంచి ఆ పేపరు పూర్తి కాలేదు. బండి ఉంటే పొద్దున్నే వెళ్లి, పాఠం చెప్పి, భోజనాల వేళకు తిరిగి రావచ్చు. నా స్వేచ్ఛ కూడా వాళ్ల ఆకలిని కొలిచి కుట్టించుకున్నదే.

లైసెన్సు వచ్చిన రోజున మా ఆయన రెండు పనులు చేశారు. మొదటిది, బండిలో ముందువైపు కొత్త మ్యాట్ పరిచారు, నా చెప్పుల మట్టి అంటకుండా. కొండ మీది నుంచి రాయిని దించే రబ్బరు బెల్టులు అరిగిపోయాక ముక్కలై ఊళ్లోకి వస్తాయి. మా ఊళ్లో గుమ్మాల ముందు, నీళ్ల డ్రమ్ముల కింద, గొడ్ల కొట్టాల్లో ఎక్కడ చూసినా అవే. పాత సామాన్ల అంగట్లో వేలి మందం ముక్క ఒకటి ఏరి తెచ్చి, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే పలకగా కోసి, నడుమ గేరు రాడ్డుకు కన్నం పెట్టారు. రెండు ముక్కలైతే కడగడం సులువు కదా అన్నాను, కడిగేది నేను కనక. "ముక్కలెందుకోయ్? ఒకటే అయితే నిండుగా ఉంటుంది," అన్నారు. రెండో పని, నేను నడిపేటప్పుడల్లా ఎడమ సీట్లో తోడు కూర్చుంటానని ప్రకటించారు. "నిన్ను నమ్మక కాదు, రోడ్డును నమ్మక."

మొదటి ప్రయాణంలోనే, బచేలీ నుంచి తిరిగి వస్తూ, ఎత్తు మీద ఒక లారీని దాటడానికి యాక్సిలరేటర్ నొక్కాను. దాటాక కాలు తీశాను. పెడల్ పైకి రాలేదు. ఇంజిను గుక్కపట్టి అరిచింది.

"కాలు తియ్యి!"

"తీశానండీ."

"తియ్యలేదు!"

"ఇదిగోండి," అని కాలు ఎత్తి చూపించాను.

"ఎత్తి చూపించడమేమిటి, తియ్యమంటే!"

క్లచ్ తొక్కి, బ్రేకు వేసి, బండిని పక్కకు తెచ్చి తాళం తిప్పేశాను. ఆయన కొయ్యలా బిగుసుకుని కూర్చున్నారు. కొంతసేపటికి దిగుతూనే తలుపు ధడాలున వేశారు. టక్‌మని పెడల్ పైకి వచ్చింది. "చూశావా? ఒక్క దెబ్బకు దారికొచ్చింది," అన్నారు. అక్కడి నుంచి ఆయనే నడిపారు. బండి ఆవులా ఇంటికి వచ్చింది.

ఆయన నడిపితే ఎప్పుడూ అంతే. అప్పుడు ఎడమ సీటు అత్తగారిది. కాళ్లు వేలాడితే వాస్తాయని సీటు మీదే మఠం వేసుకుని కూర్చుంటారు. నేను వెనక, ఫ్లాస్కుకూ కూరగాయలకూ మధ్య. ఆ అమరికలో పెడల్ ఏనాడూ మొరాయించలేదు. నేను నడిపి, ఆయన తోడు కూర్చున్నప్పుడు మాత్రం ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఇరుక్కునేది.

సీతారాములు కోంట వైపు మనిషి, పని తెలిసినవాడు. బండిని షెడ్డులో పెట్టి యాక్సిలరేటర్ తీగ విప్పి చూశాడు, గ్రీజు పెట్టాడు, పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు మార్చాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

"తీగ మంచిగున్నది, మేడం. స్ప్రింగు కొత్తది ఏసిన. డీజిల్ పంపు మీది లివరు పూర్తిగ వాపస్ వస్తున్నది, చూడుర్రి," అని పెడల్‌ను చేత్తో నొక్కి వదిలాడు. అది బుద్ధిమంతురాలిలా లేచింది.

"మ్యాట్ అడ్డం పడటం లేదు కదా?"

"ఏంది మేడం, అది నేల మీదనే పండుకున్నది గద. బండికి ఏం బీమారీ లేదు. మీరు కూసుంటెనే దానికి గుస్సా."

ఈ వైద్య నివేదిక నాకంటే ముందు ఇంటికి చేరింది. "నానప్పుడే సెప్పాను," అన్నారు అత్తగారు. "ఇనుప వస్తువుకి ఆడదాని కాలు సరిపడదు. దంతేశ్వరమ్మకి కొబ్బరికాయ కొట్టించండి."

"కుట్టుమిషను ఇనుమే కదా, అత్తయ్యా? మీరు నలభై ఏళ్లు కాలితో తొక్కారు."

"అది ఇంట్లో ఉంటాది కదే!"

నా భౌతికశాస్త్రంలో ఇనుము ఇంట్లోనూ ఇనుమే, బయటా ఇనుమే.

ఒక్క మనిషిని పరీక్షించి ఆడజాతి అంతటి గురించి తేల్చడం సరికాదని పక్కింటి సునీతను పిలిచాను. ఆమె నాలుగేళ్లుగా అంత దూరం నగర్‌నార్ దాకా సొంత కారు నడుపుతూ వెళ్లి వస్తున్న మనిషి. సునీత స్టీరింగు పట్టుకుంది. "నీకు కొత్త బండి కదమ్మా, తోడుంటాను," అని మా ఆయన ఎడమ సీట్లో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. కాలనీ గేటు దాటగానే పెడల్ ఇరుక్కుంది. సునీత బండి ఆపి, "నాక్కూడానా, ఆంటీ?" అంది, తనకూ ఏదో అంటువ్యాధి సోకినట్టు. తర్వాత ఆమె భర్త దేవేంద్ర నడిపాడు. మా ఆయన అదే ఎడమ సీట్లో కాలి మీద కాలు వేసుకుని, గనిలో తాను ఆపిన ప్రమాదాల గురించి దారి పొడుగునా చెప్పారు. పెడల్ ఒక్కసారీ ఇరుక్కోలేదు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ ఇరుక్కుంది. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరికీ లేదు. నా విద్యార్థులెవరైనా ఇంత చక్కటి ఫలితాలు తెచ్చి ఉంటే మార్కులు వేసి పంపేదాన్ని. నా ప్రయోగంతో పుకారు కాస్తా సిద్ధాంతమైంది.

"ఆదివారం బచేలీ నుంచి రాజ్‌కుమార్ వస్తాడు, బండి చూడ్డానికి," అన్నారు మా ఆయన ఆ రాత్రి భోజనం దగ్గర. "ఇచ్చేద్దాం. నీ ప్రాణం కన్నా బండి ఎక్కువా?"

నా ప్రాణం మీద ఆయనకు ఇంత మమకారం ఉందని తెలియడం సంతోషమే. కాని సోమవారం నుంచి హాస్టల్‌లో క్లాసులు. నేను రాలేకపోతే ఆదివారం లోపలే చెప్పమంది వార్డెన్, వేరే ఏర్పాటు చూసుకోవాలి కనక. బండి పోతే ఆ పిల్లలూ పోతారు. నాకు మిగిలేవి ఒంటిగంట, ఒంటిగంటా పది.

శనివారం ఉదయం, "రేపు చూడ్డానికి వస్తున్నారు, లోపల కూడా బాగా కడుగు," అన్నారు. అమ్మేది ఆయన, ముస్తాబు చేసేది నేను. చీపురు, బకెట్టు తీసుకుని ఎడమ తలుపు తెరిచాను. మ్యాట్ తుడుస్తుంటే ఒకచోట గుడ్డ జారింది. బెల్టు అంతా గరుకుగా ఉంది. ఆ ఒక్కచోట మాత్రం జానెడు మేర నున్నగా, నిగనిగలాడుతూ, గుంటపడి ఉంది. కుడివైపు అలాంటి చోటు ఉంటే అది డ్రైవరు మడమల పని అనుకోవచ్చు. ఇది ఎడమవైపు. అక్కడ పెడల్స్ ఉండవు. అక్కడ కూర్చున్న మనిషికి కాళ్లతో చేయవలసిన పనేదీ ఉండదు.

ఆ గుంటలో మోకాలు ఆనించి బరువు వేశాను. అవతల ఏదో కదిలింది. మెడ చాచి చూశాను. కుడివైపు, యాక్సిలరేటర్ దగ్గర, మ్యాట్ మూల పెనం మీది దోసె అంచులా లేచి ఉంది. మోకాలు తీశాను, పడుకుంది. నడుమ గేరుపెట్టె మీద నేల ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు మీద వేలి మందం మొండి పలక. పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే తూగుడుబల్ల! చెరిపే రబ్బరు మీద స్కేలు పెట్టి ఏటా తొమ్మిదో తరగతికి చూపించినదే. చీపురు కర్రతో యాక్సిలరేటర్‌ను నొక్కి పట్టి, మోకాలితో ఎడమ చివర అదిమి, కర్ర తీశాను. పెడల్ పైకి రాలేదు; లేచిన మూల దాన్ని కొక్కెంలా పట్టుకుంది. మోకాలు తీశాను. టక్.

చీపురు ఒళ్లో పెట్టుకుని ఆ ఎడమ సీట్లోనే కూర్చున్నాను. నేను వేగం అందుకున్నప్పుడల్లా ఆయన తన వైపున లేని బ్రేకును తొక్కారు. తొక్కితే పెడల్ ఇరుక్కుంది. ఇరుక్కుంటే బండి ఇంకా వేగం పుంజుకుంది. వేగం పుంజుకుంటే ఇంకా గట్టిగా తొక్కారు. దేవేంద్ర నడిపినప్పుడు తొక్కవలసిన అవసరమే ఆయనకు తోచలేదు. ఆ పాదాన్ని నేను ఇవాళ కొత్తగా చూడటం లేదు. కూరలో ఉప్పు వేస్తుంటే "చాలు, చాలు" అన్నది అదే. బడి వార్షికోత్సవంలో నేను మాట్లాడుతుంటే ముందు వరసలోంచి నెమ్మది, నెమ్మది అని అరచెయ్యి కిందికి ఆడించింది అదే. హెడ్‌మిస్ట్రెస్ పదవి ఇస్తామన్నప్పుడు "ఇప్పుడే తొందరేముంది?" అన్నదీ అదే. ఆ తర్వాత నేను ఒకటి రెండుసార్లు గొంతు పెంచితే, పార్వతికి ఆవేశం ఎక్కువ అన్న పేరు స్థిరపడింది. సీతారాములు బండినొక్కదాన్నే పరీక్షించినట్టు, ఆ పేరు పెట్టినవాళ్లు నన్నొక్కదాన్నే పరీక్షించారు; పక్క సీటును ఎవరూ చూడలేదు.

లోపలికి వెళ్లి ఆయనను పిలిచాను.

"మీరు బ్రేకు తొక్కుతున్నారండీ. అందుకే ఇరుక్కుంటోంది."

"నేనా? ఇటువైపు బ్రేకెక్కడుందోయ్? లేని బ్రేకును ఎవరైనా ఎలా తొక్కుతారు? సైన్సు టీచరువి, నువ్వే చెప్పు."

"చెప్తాను. ఒక్కసారి వచ్చి కూర్చోండి."

కూర్చున్నారు. నేను కుడివైపు ఎక్కి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో వేయకుండా ఇంజిను స్టార్టు చేశాను. బండి మా పెరట్లో, ముందు మా బట్టల తీగ, దాని మీద అత్తగారి చీర. యాక్సిలరేటర్ బాగా నొక్కి, "లారీ!" అన్నాను.

ఆయన కుడి పాదం గుంటలో దబ్బున పడింది. ఇంజిను గుక్కపట్టింది.

"కాలు తియ్యి, పార్వతీ!"

నేను రెండు కాళ్లూ తీసి, సీటు మీదకు లాక్కుని, అత్తగారిలా మఠం వేసుకున్నాను.

"ముందు మీరు తియ్యండి."

ఆయన నా కాళ్ల వంక చూశారు. తర్వాత తన కాలి వంక చూశారు. అది ఎవరిదో గుర్తుపట్టడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. మెల్లగా ఎత్తారు. టక్. ఇంజిను సద్దుమణిగింది.

"ఆడి కాలు ఊరుకోదే," అన్నారు వసారాలోంచి అత్తగారు. "ఉయ్యాల్లోనే తన్నీవోడు."

"రబ్బరు నాసిరకం," అన్నారు మా ఆయన. బండి దిగి, "రాజ్‌కుమార్‌ను రావద్దంటాను. మ్యాట్ తీసేద్దాం. సోమవారం నేనూ తోడు వస్తాను, కాళ్లు కదపను," అన్నారు. పాపం, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

మ్యాట్ తీసేసి, తానూ వచ్చి, పెడల్ ఇరుక్కోకపోతే, కాలనీ ఏమంటుందో నాకు తెలుసు. భానుప్రసాద్ గారు పక్కన ఉండి బాగు చేశారంటుంది.

"మ్యాట్ ఉండనివ్వండి," అన్నాను. "ఒకసారికి ఒక్కటే మార్చాలి."

"అంటే?"

"వచ్చాక మీ చేత్తోనే రెండు ముక్కలు చేద్దురు గాని. సోమవారం మాత్రం మీరు ఇంట్లో ఉంటారు. అన్నం మీరు వండుతారు. ఒంటిగంటకు అత్తయ్యకు, ఒంటిగంటా పదికి మీకు."

"నాకు వంట రాదు కదోయ్!"

"నేను మీ పక్కన కూర్చుని చాలు, చాలు అనను. వచ్చేస్తుంది."

ఆదివారం గని మైదానంలో ఒక్కదాన్నే చుట్లు కొట్టి చూసుకున్నాను. సోమవారం పొద్దున్నే బయల్దేరాను. గేటు దగ్గర చీపురు పట్టుకుని మా ఆయన, తీగ మీది చీర పట్టుకుని అత్తగారు నిలబడ్డారు. సునీత వాళ్ల మేడ మీది నుంచి చూసింది. రోడ్డు పక్క పట్టాల మీద రాయి నింపుకున్న గూడ్సు బండి విశాఖపట్నం వైపు నిదానంగా పోతోంది. దాన్ని దాటాను. బచేలీ దాటాక ఒక లారీ, తర్వాత ఇంకొకటి. దాటిన ప్రతిసారీ పూర్తిగా నొక్కాను, పూర్తిగా వదిలాను.

బండి అదే. తీగ, స్ప్రింగు, పంపు అవే. మ్యాట్ అదే, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే పలక. కాలు ఆడమనిషిదే. కిరండూల్ నుంచి దంతెవాడకు వెళ్లాను, పాఠం చెప్పాను, తిరిగి వచ్చాను. ఎడమ సీటు ఖాళీగా ఉంది. పెడల్ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.