తొమ్మిదో ప్రోగ్రాం

అరవై మూడు రికార్డులు ఆశాజ్యోతి బల్ల మీద మూడు దొంతరలుగా ఉన్నాయి. రేపు పొద్దున తొమ్మిదింటికి సెకండియర్ వాళ్ళకి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ పరీక్ష. ఒక్కో రికార్డులో పద్నాలుగు ప్రోగ్రాములు, ఒక్కోదాని కింద లెక్చరర్‌గా ఆమె సంతకం. మొత్తం ఎన్నో లెక్కేస్తే చెయ్యి ఆడదని ఆమె లెక్కేయలేదు. పోయిన రెండు ఆదివారాలూ కాలేజీ వాళ్ళు అడ్మిషన్ల డ్యూటీ అంటూ ఊరూరా తిప్పారు. రామచంద్రపురం దగ్గర, వరిచేల మధ్యనున్న ఈ కాలేజీలో పదకొండేళ్ళుగా పాఠం చెప్పడం తప్ప మిగతా పనులన్నీ తనే చేస్తున్నట్టు ఉంటుంది ఆమెకి. మెడ పట్టేసింది. విసుగొచ్చే దశ కూడా దాటిపోయింది.

రికార్డంటే ఏమిటో కంప్యూటర్ చదవని వాళ్ళకి చెప్పాలి. మిషను మీద కొట్టిన ప్రోగ్రాముని మళ్ళీ చేత్తో గీతల కాగితం మీద రాయాలి. ఎదుటి తెల్ల పేజీలో పెన్సిలుతో పెట్టె గీసి, తెర మీద వచ్చిన జవాబుని అందులో దించాలి. అదీ నియమం. జరిగేది మాత్రం వేరు. పిల్లలు పై ఏడాది వాళ్ళ రికార్డు పక్కన పెట్టుకుని రాస్తారు. ఆ పై ఏడాది వాళ్ళు తమ పైవాళ్ళది చూసి రాసినవాళ్ళే. కామా కూడా అటూ ఇటూ కాదు. ఇక చదవడానికేముంది? పేజీ నిండిందా లేదా అని చూసి ఆశాజ్యోతి సంతకం గిలికేస్తుంది.

తొమ్మిదోది బైనరీ సెర్చ్. అయిదు అంకెలిచ్చి వాటిలో ఒకదాన్ని వెతకమనే ప్రోగ్రాం. అందరి రికార్డుల్లోనూ అంకెలు 12, 7, 25, 3, 40. అందరూ వెతికేది 25. అందరికీ అది మూడో స్థానంలో దొరుకుతుంది, తబితకి తప్ప.

తబిత కోటిపల్లి వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. క్లాసులో నోరెత్తదు. ఆ తొమ్మిదో ప్రోగ్రాం పట్టుకుని మూడోసారి వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా ఇది? మళ్ళీ ఏడు వెతికితే లేదనే వచ్చిందా? కళ్ళెదురుగా రెండో అంకె ఏడే కదా!"

"నాకూ అదే అర్థం కాలేదండి మేడం. ఎన్నిసార్లు రన్ చేసినా లేదనే వస్తోందండి."

"అందరికీ వచ్చేది నీకొక్కదానికే ఎందుకు రాదు? ఎక్కడో తప్పు కొట్టుంటావు."

"అందరూ ఇరవై అయిదే ఇస్తున్నారండి. వేరేది ఇస్తే ఏమవుతుందా అని నేను ఏడు ఇచ్చానండి."

"నీ ప్రయోగాలు తర్వాత. నాలుగింటికల్లా సరిచేసి తీసుకురా. సంతకం లేని రికార్డుతో రేపు పరీక్షకి కూర్చోనివ్వరు. మళ్ళీ వచ్చే ఏడాదే."

రెండు పేజీల మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. తబిత కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పెరుగన్నం తింటున్నా ఆ పిల్ల ముఖమే కదులుతోంది. తప్పెక్కడ కొట్టిందో చూపించి పంపేస్తే సరిపోతుందని ఆశాజ్యోతి ల్యాబ్‌కి వెళ్ళింది. వేరేవాళ్ళ రికార్డు తెరిచి, అక్షరం పొల్లుపోకుండా తనే కొట్టింది. ఏడు ఇచ్చింది. లేదని వచ్చింది. మూడు ఇచ్చింది. అదీ లేదన్నది.

అప్పుడు వెలిగింది. అంకెలు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. ముందు మధ్య అంకెని చూస్తుంది. కావలసింది దానికన్నా చిన్నదైతే ఎడమ సగంలోకి, పెద్దదైతే కుడి సగంలోకి వెళుతుంది. ఇక్కడ అంకెలు వరసలోనే లేవు. ఇరవై అయిదు సరిగ్గా మధ్యలో ఉండబట్టి దొరుకుతోంది, అంతే.

ఆ అంకెలు ఎవరిచ్చారో ఆమెకి బాగా గుర్తుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది, కరెంటు లేని రోజున, నోటికొచ్చిన అయిదు అంకెల్ని బోర్డు మీద రాసింది తనే. వరసలో పెట్టడం మరిచిపోయింది. పదకొండు బ్యాచ్‌లు అదే రాశాయి. అన్నిటి కిందా తన సంతకమే. ఇన్నేళ్ళలో ఒక్క పిల్ల వేరే అంకె ఇచ్చి చూస్తే, ఆ ఒక్క పిల్ల రాసిందాన్నీ మూడుసార్లు కొట్టేసింది. ఆమెకి తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

హెచ్.ఓ.డి. వీరబ్రహ్మం గారి గదికి వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు.

"ఇప్పుడు కదిలిస్తే అరవై రెండు మంది తిరగరాయాలండి. బయటి నుంచి పరీక్షకొచ్చే ఎక్స్‌టర్నల్ గారు ఇవేం చదువుతారు? పరీక్ష అయిపోనివ్వండి, వచ్చే ఏడాది చూద్దాం."

"ఆ పిల్ల రికార్డుకి మాత్రం ఉన్నదున్నట్టుగానే సంతకం పెట్టేస్తానండి."

"పెట్టండి, ఎవరొద్దన్నారు?"

ఆశాజ్యోతి క్యాంటీన్‌లో చూసింది. లైబ్రరీలో చూసింది. తబిత ఎక్కడా లేదు. తిరిగొచ్చి, మిగతా సంతకాలు పక్కన పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంది. ఈ కాలేజీలో ఒక విద్యార్థి కోసం ఇలా ఆత్రంగా కూర్చుని ఆమెకి చాలా కాలమైంది.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా తబిత వచ్చింది. వేళ్ళకి సిరా అంటుకుంది. ఆశాజ్యోతి రికార్డు లాక్కున్నంత పనిచేసి తొమ్మిదో ప్రోగ్రాం తీసింది. కొత్త కాగితాలు. పెన్సిలు పెట్టె చక్కగా గీసి ఉంది. అందులో వెతికిన అంకె 25. మూడో స్థానంలో దొరికింది.

"ఏడు ఏమైందమ్మా?"

"తీసేశానండి మేడం. థర్డియర్ పావనక్క రికార్డు చూసి రాసేశానండి. ఈసారి రన్ చేయలేదండి."

"తబితా, నువ్వు ముందు రాసిందే రైటమ్మా. తప్పు నాది. నేనిచ్చిన అంకెలే వరసలో లేవు."

తబిత ముఖం పాలిపోయింది. చేతి గడియారం చూసుకుంది. బస్సు నాలుగుంబావుకి.

"మళ్ళీ రాయాలాండి మేడం?" అంది ఏడుపు గొంతుతో.

ఆశాజ్యోతి సిరా అంటిన ఆ పిల్ల వేళ్ళకేసి చూసింది.

"వద్దమ్మా," అని సంతకం పెట్టి ఇచ్చేసింది.

"థాంక్సండి మేడం!" అంటూ తబిత రికార్డుని గుండెకి హత్తుకుని బస్సుకి పరిగెత్తింది. అంకెలు వరసలో లేకపోతే ఏమవుతుందని అడగలేదు.