వియ్యపురాళ్ళ మోకాళ్ళు

వియ్యపురాళ్ళిద్దరికీ మోకాళ్ళ నొప్పులే. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, అదీ ఎవరి నొప్పి సంగతి వాళ్ళకే.

నర్సమ్మ పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయింది. ఆమె వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఒకావిడ జీవితమంతా పడుకున్నవాళ్ళని లేపింది, రెండో ఆవిడ నిలబడ్డవాళ్ళని పరిగెత్తించింది. అలాంటివాళ్ళు మోకాళ్ళు నొప్పని ఒప్పుకోవడం మాటలా? పైగా ఇప్పుడు ఒప్పుకుంటే పోయేది పరువొక్కటే కాదు.

నర్సమ్మ కూతురికి ఏడో నెల. కాన్పయ్యాక ఏడాది పాటు బిడ్డని చూసుకోవడానికి ఇంట్లో ఓ పెద్దదిక్కు కావాలి. కూతురూ అల్లుడూ ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. వాళ్ళకి పోను మిగిలేది ఒక్క గది. "ఒక్కరికే చోటుంది, ఎవరొస్తారో మీరూ మీరూ అనుకోండి" అన్నాడు అల్లుడు, భోజనాల దగ్గర ఇద్దరి మొహాలూ చూడకుండా కంచంలోకి చూస్తూ. అంతటితో ఊరుకున్నా పోయేది. "రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగాలి మరి, కాళ్ళలో ఓపికున్నవాళ్ళు వస్తే మంచిది" అని కూడా అన్నాడు. మొగుడు నోరు జారినప్పుడు పెళ్ళాం కల్పించుకోవాలి కదా, కూతురు కూడా మంచినీళ్ళు తాగుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత పదిరోజులకి పిల్లలిద్దరూ కలిసి వీళ్ళ చేతిలో యాత్ర టికెట్లు పెట్టారు. ఎక్కడో కొండల దేశం. మఠాలు, పాతకాలపు పట్నాలు, అక్కడివాళ్ళ వంటలు, వారం రోజులు. పురుడొచ్చాక ఊపిరి తిరగదు, ఇప్పుడే తిరిగి రండి అన్నారు. వియ్యపురాళ్ళకి మాత్రం ఇది యాత్ర కాదు, పరీక్ష అనిపించింది. లేకపోతే మెట్లు తప్ప మరొకటి లేని దేశానికి ఎందుకు పంపుతారు?

నర్సమ్మకి ఆ బిడ్డ కావాలి. డొంకతిరుగుడు ఏమీ లేదు, కావాలంతే. తన కూతురు పుట్టినప్పుడు అన్నీ రాత్రి డ్యూటీలే. పిల్లని తన తల్లి పెంచింది. ఊళ్ళోవాళ్ళ బిడ్డలందరినీ ముందుగా చేతుల్లోకి తీసుకున్న మనిషి, సొంతబిడ్డ మొదటి అడుగు వేసిన రోజు మాత్రం డ్యూటీ దిగొచ్చి పడుకుని నిద్రపోతోంది. లేచేసరికి ఆ పిల్ల గదంతా నడిచేసి, అలిసిపోయి, పాలు తాగి పడుకుంది. ఆ మధ్యాహ్నపు నిద్రని నర్సమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది. ఇంకో అవకాశం దేవుడు ఇస్తున్నాడు, మధ్యలో ఈ రెండు మోకాళ్ళు అడ్డం.

మొదటిరోజు పాత పట్నం చూపించారు. రాళ్ళు పరిచిన సన్నటి వీధులు, చెక్క వాకిళ్ళు, వెయ్యేళ్ళనాటి సంగతులు చెప్పే గైడు. చలిగాలి లోపలికి రాకుండా అక్కడివాళ్ళు గడపలు మోకాటి ఎత్తున కట్టుకున్నారు. కట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు, గడపలు మాత్రం వీళ్ళ ప్రాణానికి మిగిలాయి. ఒక పాత భవంతి చూడబోతే, మొదటి గడప దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు.

"ముందు మీరు పదండి వదినగారూ" అంది డ్రిల్లు టీచరు.

"భలేవారే. మగపెళ్ళివారు, మీ తర్వాతే మేము."

"పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంకా మగపెళ్ళివారేమిటి. పదండి పదండి."

ఇది మర్యాద అనుకుని వెనక ఉన్న తోటి యాత్రికులు పన్నెండుమందీ ముచ్చటపడ్డారు. అసలు సంగతి వేరు. ముందు దాటినవాళ్ళు కాలు ఎలా ఎత్తుతున్నారో వెనకవాళ్ళకి కనిపిస్తుంది. రెండో గడప దగ్గరా ఇదే తంతు. మూడో గడప దగ్గర ముచ్చట పోయి జనానికి విసుగొచ్చింది. నాలుగోదాని దగ్గర గైడు వచ్చి "అమ్మా, ఈ ఇంట్లో ఇంకా పదకొండు గదులున్నాయి" అని దణ్ణం పెట్టాడు.

రెండోరోజు మధ్యాహ్నం ఒక రైతు ఇంట్లో భోజనం. వేడివేడి రొట్టెలు, జున్ను వేసి కాచిన పులుసు, పొయ్యి పక్కన నేలమీద పరిచిన కంబళ్ళు. నేలమీద అనగానే నర్సమ్మ కుర్చీ కోసం చుట్టూ వెతికింది. కూర్చోవడానికేం, ఎవరైనా కూర్చుంటారు, ఆ పని భూమే చూసుకుంటుంది. లేవడం దగ్గరే మనిషి బండారం బయటపడేది. అయినా డ్రిల్లు టీచరు తగుదునమ్మా అని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నర్సమ్మ కూడా పళ్ళు బిగించి ఆవిడకి ఎదురుగా చతికిలబడింది.

రెండు రొట్టెలకే కడుపు నిండింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి చేతులు కడుక్కుంటున్నారు. నర్సమ్మ డ్రిల్లు టీచరు లేస్తుందేమో అని చూసింది. డ్రిల్లు టీచరు నర్సమ్మ లేస్తుందేమో అని చూసింది. ఇంటావిడ రొట్టెల బుట్ట పట్టుకొచ్చి ఇంకొకటి వెయ్యనా అన్నట్టు సైగ చేసింది. తింటున్న మనిషిని లెమ్మని ఎవరూ అనరు కదా. నర్సమ్మ కంచం చాపింది.

"నాకూ ఒకటి" అంది డ్రిల్లు టీచరు వెంటనే.

అలా నాలుగోదీ అయింది. ఐదోది నర్సమ్మ మంచినీళ్ళతో మింగింది. డ్రిల్లు టీచరు ఆరో రొట్టె తుంచుతున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఇంటావిడ తన వంటకి ఇంత కరిగిపోయినవాళ్ళని పుట్టాక చూడలేదనుకుందో ఏమో, కళ్ళొత్తుకుంటూ లోపలికెళ్ళి ఇంకో బుట్ట తెచ్చింది. బస్సు హారను మోగుతోంది. చివరికి ఇంటావిడా ఇద్దరు కోడళ్ళూ వచ్చి, పాపం తిండెక్కువై కదల్లేకపోతున్నారని చంకల కింద చేతులు వేసి ఇద్దర్నీ లేపి నిలబెట్టారు. తిండిపోతులని పేరొస్తే వచ్చింది, మోకాళ్ళ గుట్టు మాత్రం దక్కింది.

ఇలాంటి అవస్థల మధ్యే ఇంకో మూడు రోజులు గడిచాయి. ఆరోరోజు అసలు ఘట్టం. కొండకొమ్మున మఠం, పైకి ఎనిమిది వందల మెట్లు. "ఓపిక లేనివాళ్ళకి గుర్రాలున్నాయమ్మా" అని గైడు చెప్పాడు. ఆ ముందుమాట అనకపోతే ఇద్దరూ చక్కగా గుర్రమెక్కేవారు. ఓపిక లేనివాళ్ళు అన్నాక ఎక్కడం ఎలా?

నడిచారు. ప్రతి ఇరవై మెట్లకీ నర్సమ్మకి ఓ పువ్వు నచ్చేది, ఆగి చూసేది. పువ్వులు లేనిచోట నాచు నచ్చేది. డ్రిల్లు టీచరేమో ఆగినప్పుడల్లా దారినపోయేవాళ్ళని పిలిచి కొండలెక్కేటప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో పాఠం చెప్పేది. పాఠం వినేవాళ్ళు పైకి వెళ్ళిపోయారు, టీచరు మాత్రం అక్కడే ఉంది. సగం దారిలో ఆవిడ ఎడమకాలు ఈడ్చడం నర్సమ్మ చూసింది. వార్డులో ఎన్ని నడకలు చూడలేదు, ఒక్క చూపులో తెలిసిపోయింది. లోపల ఎక్కడో సంతోషం పొంగింది. పూనకం వచ్చినట్టు మిగతా మెట్లు ఎక్కేసింది.

పైన మఠం ప్రశాంతంగా ఉంది. పెద్ద హాల్లో దీపాల ముందు ముసలి సన్యాసులు ఏదో సన్నగా వల్లిస్తున్నారు. నర్సమ్మ దేవుడికి దణ్ణం పెట్టేలోపు సంచీలో ఫోను టింగుమంది. ఇన్నాళ్ళకి సిగ్నలు దొరికింది. ఆమె ఫోను పట్టుకుని బయట వరండాలోకి వచ్చింది. కూతురితో ఒక్క ముక్క చెబితే చాలు, మీ అత్తగారికి కాలు బాగాలేదమ్మా, పాపం, అని. చాడీ కూడా కాదు, జాలే.

వెనకే ఎలా ఎక్కి వచ్చిందో ఏమో, వరండా చివర గోడ చాటున డ్రిల్లు టీచరు మెట్టు మీద కూర్చుని ఉంది. చీర మోకాలి పైకి లాక్కుని క్రేపు బ్యాండేజీ చుట్టుకుంటోంది. మోకాలు కొబ్బరికాయంత వాచింది. బ్యాండేజీ పైనుంచి కిందకి చుడుతోంది, అదీ పురికొస చుట్టినట్టు బిగించి. అలా చుడితే గంటలో పాదం ఉబ్బుతుంది. నర్సమ్మ వేలు ఫోను మీదే ఉంది కానీ చెయ్యి మాత్రం ఆగలేదు. వెళ్ళి ఆవిడ ముందు కూలబడి, కట్టంతా విప్పేసి, పిక్క దగ్గర్నించి పైకి మొదలుపెట్టింది.

"కింద నుంచి పైకి చుట్టాలి వదినగారూ. సగం మీద సగం పడాలి. మీకెవరు చెప్పారు ఇలా చుట్టమని?"

డ్రిల్లు టీచరు కాలు ముందుకి చాపింది. కట్టు పూర్తయ్యాక మెల్లిగా అడిగింది. "పిల్లలకి ఫోను చేశారా?"

"చెయ్యబోతున్నాను" అంది నర్సమ్మ. అబద్ధమాడాలనిపించలేదు. "మీరు కాలు ఈడ్చడం చూసి సంతోషించాను కూడా. ఇంతకాలం నర్సు పని చేశాను, ఒకరి నొప్పి చూసి సంతోషపడటం ఇదే మొదలు. నాకు సిగ్గుగా ఉంది."

"సిగ్గుపడకండి, నేను మీకంటే ఒక ఆకు ఎక్కువే చదివాను" అంటూ డ్రిల్లు టీచరు తన ఫోను తీసి చూపించింది. అందులో హోటలు గదిలో కిందపడ్డ మాత్ర తీసుకుని, మంచం కోడు పట్టుకుని, నాలుగు కాళ్ళ మీద లేస్తున్న నర్సమ్మ ఫోటో ఉంది.

"మా వాడికి పంపుదామని మూడుసార్లు నొక్కాను."

"పంపలేదా?"

"సిగ్నలు లేదు."

నర్సమ్మకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. నవ్వుతూ లేవబోయింది, లేవలేకపోయింది. డ్రిల్లు టీచరు చెయ్యిచ్చింది, ఆవిడ కూడా లాగలేకపోయింది. ఇద్దరూ ఆ మెట్టు దగ్గరే ఉండిపోయి కడుపు పట్టుకుని నవ్వారు. లోపల సన్యాసుల వల్లింపు ఓ క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"నేను ఊళ్ళో పిల్లలందరికీ పరుగు నేర్పాను వదినగారూ" అంది డ్రిల్లు టీచరు కళ్ళు తుడుచుకుంటూ. "మావాడికి నడక నేర్పింది పనిమనిషి."

నర్సమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు. తన సంగతీ చెప్పింది. అప్పుడే ఫోను మోగింది, కూతురు.

"అమ్మా, పైకెక్కారా? ఎవరు ముందెక్కారు?"

నర్సమ్మ ఫోను స్పీకర్లో పెట్టింది. "ఇద్దరం ఎక్కాం. దిగడం మాత్రం ఇద్దరికీ చేతకాదు. మీ అత్తయ్యకీ నాకూ మోకాళ్ళు పోయాయే. బిడ్డనెత్తుకుని మీ మూడో అంతస్తు ఎక్కడం మా వల్ల కాదు."

"అందుకని మీరే కిందకి దిగండి" అని డ్రిల్లు టీచరు అందుకుంది. "నేలమట్టంలో ఇల్లు వెతకమను మావాణ్ణి. మేమిద్దరం వస్తున్నాం."

"ఇద్దరా? గది ఒక్కటే దొరుకుతుంది అత్తయ్యా."

"వారం నుంచీ ఒకే గదిలో ఉన్నాం, ఎవరమూ చావలేదు."

అవతల ఏదో గరగరమంది. సిగ్నలు పోయిందనుకున్నారు. కాదు, కూతురి వెక్కిళ్ళు.

"నిజంగా ఇద్దరూ వస్తారా అమ్మా? ఎవర్ని రావద్దనాలో తెలీక నెల నుంచీ నాకు నిద్ర లేదు. నిన్ను వద్దంటే ఎలా, అత్తయ్యని వద్దంటే ఎలా. మెట్ల మాట ఆయన చేత నేనే అనిపించాను. ఆ మెట్లే తేల్చేస్తే నేను చెప్పక్కర్లేదు కదా అని."

వారం రోజులుగా నర్సమ్మ ఎదుటి మనిషి మోకాలు ఎప్పుడు వంగుతోందో, ఎప్పుడు వంగడం లేదో కనిపెడుతూనే ఉంది. ఏడోనెల కడుపుతో నిద్ర లేకుండా తిరుగుతున్న సొంత కూతురిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఫోను వదినగారికి అందించి, "దాన్ని పడుకోమని చెప్పండి, ఇవాళ మధ్యాహ్నం కాస్త నిద్రపొమ్మనండి" అంది.