పన్నెండు నిమిషాల గొంతు

వజ్రమ్మ స్వరపేటికను రేపు పొద్దున తీసేస్తారు. ఆ తర్వాత ఆమె తరఫున నా కంప్యూటరే మాట్లాడాలి. దుండిగల్ దగ్గరి కాలేజీలో, గోడలకు పరుపులు కొట్టిన చిన్న గదిలో, 2004లో నా పరిశోధన అదే. గొంతులోంచి శ్రుతిని, ఊపిరిని, నోటి ఆకారాన్ని విడదీసి, మనిషి ఎన్నడూ అనని మాటలను కూడా అదే గొంతుతో పలికించడం.

నాలుగు రోజుల్లో ఆమె చేత ఆరువందల వాక్యాలు చదివించాను. మేడ్చల్ అంగడిలో కూరగాయలమ్మే మనిషి. ఐదో తరగతి చదువు. ఆమె "వస్తున్న" అన్నప్పుడల్లా ఆపి, "వస్తున్నాను అనాలమ్మా" అన్నాను. విసుక్కోకుండా మళ్లీ చదివింది.

మధ్యాహ్నం మూడింటికి ఆమె కూతురు పద్మలతను పిలిచి వినిపించాను.

"పద్మా, అన్నం తిన్నావా?" అంది స్పీకరు. గరగర లేదు, అతుకు తెలియలేదు. అంత శుభ్రంగా నేనెన్నడూ చేయలేదు.

పద్మలత నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఎవలు సార్ గీమె? టీవీల వార్తలు సదివేటామె లెక్కుంది."

"మీ అమ్మ గొంతే."

"గొంతు అమ్మదే. మనిషే అమ్మ గాదు. మా అమ్మ గట్ల ఎన్నడడిగింది? తిన్నవానే మొద్దూ, అని ఒర్లుతది."

కాలేజీలో నవ్వుతారని నా ఇంటి యాసను నేనే దిద్దుకుని పదిహేనేళ్లయింది. ఆ భయాన్నే నాలుగు రోజులు శుభ్రత అనుకుని ఆమె నోట్లో కుక్కాను.

నాలుగున్నరకు ఆసుపత్రికి వెళ్లే ఆటో వస్తుంది. కాగితాలు తీసేసి ఇద్దరినీ మైకు ముందు కూర్చోబెట్టాను.

"అమ్మా, చదవొద్దు. కూతురితో కొట్లాడండి."

"గిదేంది సారూ! నాల్గొద్దులు నోరు కట్టేసి, ఇగ కొట్లాడమంటవ్?"

పద్మలతే మొదలుపెట్టింది. "ఆర్నెల్లు గొంతు నొస్తుంటే ఎందుకు దాచినవమ్మా?"

"చెప్తే అంగడికి పోనిస్తరా? నువ్వు పోయి అమ్ముతవా? నీ మొఖానికి కిలో వంకాయలు అమ్మనొస్తదా?"

తెర మీద ఆమె శ్రుతి గీత ఎగిసిపడింది. నాలుగు రోజుల్లో ఎన్నడూ అంత ఎత్తుకు పోలేదు. పైన ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ విమానం రొదతో వెళ్లింది. ఇంకెప్పుడైనా అయితే రికార్డింగు ఆపేవాణ్ని, ఇప్పుడు ఆపలేదు.

పన్నెండు నిమిషాలకు ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఈ గొంతును కంప్యూటర్లో కట్టాలంటే కనీసం నలభై నిమిషాలు కావాలి.

"ఇంకొంచెం, అమ్మా."

ఆమె మైకును అరచేత్తో మూసింది. మాట బొంగురుపోయింది.

"సాలు బిడ్డా. గీ మిగిలింది నాక్కావాలె. ఆటోల మా ఇంటాయన వస్తుండు. ముప్పై ఏండ్ల సంది మొత్తుకుంటున్న, ఒక్కటి ఇనలే. ఇయ్యాల ఇంటడు."

పద్మలత నా వైపు చూసింది, బతిమాలమన్నట్టు. నాకూ బతిమాలాలనే ఉంది.

అంతలో ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఆమె లేచి వరండాలోకి వెళ్లి, అక్కడే ఆయన మీద అరవడం మొదలుపెట్టింది. తలుపు తెరిచే ఉంది. ఆ మాటలన్నీ మైకుకు అందుతున్నాయి. తెర మీద గీత కదులుతూనే ఉంది.

లేచి వెళ్లి తలుపు మూశాను.