దారం చుట్టుకున్న ఛార్జింగు కార్డు

నేను ఒక ఛార్జింగు కార్డుని. కరెంటు కారుకి దారిలో ఆకలేస్తే, అన్నం పెట్టే యంత్రం ముందుకెళ్ళి "ఇది మన బండే, పెట్టెయ్" అని చెప్పేదాన్ని. నాకు నోరు లేదు. కడుపులో వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది, దాని కొసన నువ్వుగింజంత బుర్ర. యంత్రానికి ఆనిస్తే చాలు, ఆ బుర్ర నా పేరు చెప్పేస్తుంది. నా ఖాతాలో డబ్బుంటే యంత్రం కరెంటు వదులుతుంది.

ఎక్కడో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ రేకుల మధ్య పెట్టి వేడిగా నొక్కి, నీలం రంగేసి, మీద పసుపుపచ్చ మెరుపు బొమ్మ అచ్చుగుద్ది నన్ను తయారుచేశారు. రాజమండ్రి షోరూములో అట్టపెట్టెలో పడుకున్నన్నాళ్ళూ నావన్నీ హైవే కలలే. ఆఖరికి కడియపులంకలో పూలదండల వ్యాపారం చేసే సత్యవేణి ఆ పెట్టె విప్పింది. అద్దె వ్యానుకి పోసే డబ్బుతో కారు వాయిదా కట్టేయొచ్చని లెక్క వేసుకుని, ఇంట్లో అందర్నీ ఒప్పించి కొన్న బండి అది. ఆ రోజే నా ఖాతాలో డబ్బు కూడా వేసింది. బండికి పూజ చేస్తూ ఆవిడ అత్తగారు పల్లాలమ్మ నాకూ ఒక కుంకుమ బొట్టు పెట్టింది. అబ్బో, ఆ పూట నన్ను పట్టడానికి పగ్గాలు లేవు.

ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పూజ అయ్యాక నన్ను పూలపళ్ళెంలో మరిచిపోయారు. దండలు కట్టడంలో పల్లాలమ్మ అంత చెయ్యి చుట్టుపక్కల లేదు. దారం చుట్టుకోవడానికి ఆవిడ పాత శుభలేఖల అట్టలు వాడేది. తడిపూల మధ్య అవి రెండురోజుల్లో నానిపోయేవి. పళ్ళెంలో నన్ను చూసింది, వంచి చూసింది, నీళ్ళలో ముంచి చూసింది. "ఇదేదో బాగానే ఉందే" అనుకుంటూ నా చుట్టూ దారం చుట్టడం మొదలుపెట్టింది. చూస్తుండగానే నా మెరుపు బొమ్మ మాయమైపోయింది.

సత్యవేణి నాకోసం ఇల్లంతా గాలించింది. పారేశాడని మొగుడి మీద ఎగిరింది. ఆ అమాయకుడు దేవుడి పటం మీద ఒట్టు వేసినా నమ్మలేదు. ఇక చేసేది లేక ఫోను మీద పడింది. ఈ మనుషుల తెలివి చూస్తే నాకు నవ్వాగదు. రోడ్డు పక్క టీ తాగాలంటే క్యూఆర్ గళ్ళ బొమ్మకి ఫోను చూపిస్తే సరిపోతుంది. కరెంటు కావాలంటే మాత్రం ఒక్కో స్టేషనుకి ఒక్కో యాప్. ప్రతిదానికీ పేరు, ఊరు, బండి నంబరు విన్నవించుకోవాలి, ముందే డబ్బు వెయ్యాలి. మిగిలిన చిల్లర అందులోనే చిక్కుకుపోతుంది. సత్యవేణి ఆ యాప్‌లన్నిటినీ తిట్టుకుంటూ తిరుగుతుంటే, నేను వెనక సీట్లో అత్తగారి ఒళ్ళోనే ఉండేదాన్ని. అడుగు కనబడేదాకా దారం తగ్గనివ్వడం పల్లాలమ్మ ఇంటావంటా లేదు. కాస్త పల్చబడగానే కొత్త దారం ఎక్కించేసేది.

అప్పుడొచ్చింది బెజవాడ పెళ్ళి. పెద్ద కల్యాణమండపం, పగటి ముహూర్తం. పెళ్ళికూతురు తల్లి స్వయంగా కడియపులంక వచ్చి అడిగితే, "మీ అమ్మాయి మెళ్ళో నా చేతి దండే పడుద్ది, నాదీ పూచీ" అని పల్లాలమ్మ మాటిచ్చింది. ఆవిడ మాటిచ్చి తప్పిన పెళ్ళి ఇంతవరకూ లేదు.

ముందురోజు రాత్రి గాలివాన. కరెంటు పోయి కారు సగం కడుపుతోనే ఉండిపోయింది. చీకట్లో నామీద కొత్త దారం ఎక్కించడమూ కుదరలేదు. తెల్లవారగానే పూలజడ, చిన్న దండలు, పెళ్ళికొడుకు దండ సర్దుకుని అత్తాకోడళ్ళు బయలుదేరారు. పెళ్ళికూతురి దండ మాత్రం పల్లాలమ్మ ఎప్పుడూ దారిలోనే కడుతుంది, పూలు వాడకుండా ఉండాలని. అదీ ఒకే దారంతో. మొదలుపెట్టాక తెంపడం, మధ్యలో ముడి వెయ్యడం వాళ్ళింట్లో లేదు.

తాడేపల్లిగూడెం దాటాక సత్యవేణి ఏసీ కట్టేసింది.

"అదేంటే, పూలు కమిలిపోవూ?" అంది అత్తగారు.

"ఏసీ వేస్తే స్టేషను దాకా కూడా వెళ్ళలేమండి అత్తయ్యా. కొంచెం ఓర్చుకోండి."

"నేనోర్చుకుంటానే. మల్లెపూలు ఓర్చుకోవద్దూ? అందుకే చెప్పాను, వ్యానే నయమని."

సత్యవేణి తడిగుడ్డ తీసి వెనక్కి అందించింది. ఏలూరు ఇవతల ఒక హోటలు ఆవరణలోని ఛార్జింగు స్టేషనుకి చేరేసరికి, కారులో ఆఖరి గీత ఎర్రగా మిణుకుమంటోంది. సత్యవేణి ఒక్క ఉరుకున దిగి యంత్రం తీగ కారుకి గుచ్చి, ఫోను తీసింది. యాప్‌లో చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"సిగ్నలు లేదండి," అన్నాడు హోటలాయన బుల్లెబ్బాయి, పళ్ళు కుట్టుకుంటూ. "రాత్రి గాలికి టవరు పడిపోయిందండి. పొద్దున్నించీ నేనూ టిఫిన్లకి నోట్లే పుచ్చుకుంటున్నానండి."

"నేనూ నోట్లే ఇస్తానండి. ఎంతైనా ఇస్తాను, ఆన్ చేసి పెట్టండి బాబూ!"

"ఆయ్, నేను ఇడ్లీలమ్ముకునేవాణ్ణి తల్లీ! చోటు నాది గానీ మిషను నాది కాదు. దానికి నోటు పెట్టడానికి కన్నం కూడా లేదండి."

సత్యవేణి నోట్లు పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగింది. చేతినిండా డబ్బు, ఎదురుగా కరెంటు, ఒకటి పెట్టి రెండోది కొనే దారి లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కార్డుంటే అయిపోద్దండి," అన్నాడు బుల్లెబ్బాయి జాలిపడి. "దీనికి భూమిలోంచి వేరే లైను ఉందంట. టవరుతో పన్లేదంట."

"ఉండేదండి. మా ఆయన పారేశాడు."

అప్పుడు నా ప్రాణం ఎలా కొట్టుకుందో ఏం చెప్పను! ఇక్కడున్నానే పిచ్చితల్లీ, మీ అత్త చేతిలో ఉన్నాను, ఆ పక్కకి చూడవే అని కడుపులోని తీగంతా అరిచింది. ఎవరికి వినిపిస్తుంది? తలుపు తెరిచి పెట్టుకుని పల్లాలమ్మ దండ కడుతూనే ఉంది. కారు కదిలినా కదలకపోయినా ఆవిడ చెయ్యి ఆగదు. మల్లెలు, మరువం, మల్లెలు, కనకాంబరం, ఒక్కో వరసకి నా మీద దారం ఒక్కో చుట్టు ఊడుతోంది. చుట్టు చుట్టుకీ నా ఒంటికి వెలుగు తగులుతోంది. కట్టవే తల్లీ, ఇంకో వరస, ఇంకొక్కటి!

నీలం అంచు బయటపడింది. తర్వాత మెరుపు బొమ్మ తోక.

కళ్ళు తుడుచుకుంటూ కారు వైపు వచ్చిన సత్యవేణి అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యా! మీ చేతిలో అదేంటండీ?"

"ఇదా? నా దారం అట్ట. తడికి నానదని ఉంచుకున్నాను."

"అది అట్ట కాదండీ, కార్డు! నేను ఊరంతా వెతికిన కార్డు!"

"నాకేం తెల్సే? కార్డంటే శుభలేఖే గదా నాకు తెల్సింది!"

సత్యవేణి నవ్విందో ఏడ్చిందో నాకే అర్థం కాలేదు. నన్ను లాక్కోబోయింది.

"ఆగు!" పల్లాలమ్మ అరుపుకి హోటల్లో ఇడ్లీలు తినేవాళ్ళు కూడా ఆగారు. "దారం తెంపకు! పెళ్ళికూతురి దండే అది. నేనే వస్తున్నాను పద."

ఇక చూడాలి మా ఊరేగింపు! ముందు సత్యవేణి, వెనక నన్ను పట్టుకుని పల్లాలమ్మ. నాకు వేలాడుతున్న సగం దండ నేలకి తగలకుండా రెండు చేతులమీదా మోసుకుంటూ బుల్లెబ్బాయి. అప్పుడే ఆగిన బస్సులోంచి ఎవరో "యంత్రానికి దండేస్తున్నార్రా, ప్రారంభోత్సవమల్లే ఉంది" అన్నారు. ఇద్దరు చెప్పులు విడిచి దణ్ణం కూడా పెట్టారు.

పల్లాలమ్మ నన్ను యంత్రం అద్దానికి ఆనించింది. చప్పుడు లేదు. ఇన్నాళ్ళు పూలనీళ్ళలో నానాను, నా బుర్ర పోయిందా?

"అక్కడ కాదండీ, కింద, చెయ్యి గుర్తు దగ్గర!"

ఆవిడ కిందికి దించింది. కుయ్ మంది యంత్రం. దీపం పచ్చబడింది. తాళం టక్కుమని పడింది, లోపల పంకా హోరెత్తింది, కారులో ఎర్రగీత పక్కన ఇంకో గీత లేచింది. నా పేరు చెప్పాను! విన్నది! అక్కడున్న వాళ్ళంతా చప్పట్లు కొడుతుంటే, పల్లాలమ్మ మాత్రం నన్ను తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇంత బలం ఉందేంటే దీన్లో!" అంది.

కారు తింటున్నంతసేపూ ఏసీ నడిచింది. ఆ చల్లదనంలో ఆవిడ మిగతా దండ కట్టేసింది. ఆఖరి ముడికి నా మీది దారం సరిగ్గా అయిపోయింది. పూజనాటి కుంకుమ మరకతో, మళ్ళీ ఒంటరిగా, నీలంగా మిగిలాను.

బెజవాడలో మండపం ముందు కారు ఆగేసరికి పెళ్ళికూతురి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. "వచ్చేశారా అమ్మా!" అని ఏడ్చినంత పని చేసింది. పల్లాలమ్మ నన్ను రొంటిన దోపుకుని దండ పట్టుకుని పరుగెత్తింది. నాకేమీ కనిపించలేదు. ఒక్కసారిగా మోగిన బాజాలు మాత్రం విన్నాను. ఆవిడ ఊపిరి నెమ్మదించడం కూడా తెలిసింది.

వెళ్ళేటప్పుడు వెనక సీట్లో కూర్చున్న మనిషి, వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చుంది. "మావాణ్ణి ఊరికే తిట్టావే" అని మాత్రం అంది. సత్యవేణి ఇంటికి రాగానే మొగుడికి సున్నుండలు పెట్టింది.

ఇప్పుడు కాలం మారింది. ఆ స్టేషన్లలో తీగ గుచ్చగానే యంత్రాలే బండిని గుర్తుపట్టి డబ్బు కోసుకుంటున్నాయి. యాప్ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. నాతో పుట్టిన కార్డులన్నీ ఏ చెత్తకుప్పల్లో ఉన్నాయో. నేను మాత్రం పల్లాలమ్మ ఒళ్ళోనే ఉన్నాను. మళ్ళీ దారం చుట్టింది, ఈసారి మెరుపు బొమ్మ కనబడేలా.

స్టేషను రాగానే ఇప్పటికీ ఆవిడే ముందు దిగుతుంది. సత్యవేణి తీగ చేతిలో పట్టుకుని, కారుకి గుచ్చకుండా పక్కన నిలబడుతుంది. ఎండైనా, వానైనా, వెనక బండివాడు హారను కొట్టినా కదలదు. అత్తగారు నన్ను యంత్రానికి ఆనించి, "ఊఁ, ఇంక పెట్టుకో" అన్నాకే తీగ గుచ్చుతుంది.