కంట్రోల్ ట్యూబు

ఎడమ చేతికి రబ్బరు పట్టీ చుట్టి, ఒక కొసను పళ్లతో లాగి బిగించాడు జయపాల్. కుడిచేత్తో సూది గుచ్చుకున్నాడు. రెండు మిల్లీలీటర్ల రక్తం ఊదారంగు మూత ట్యూబులోకి వదిలి, దానిమీద గుండ్రటి అక్షరాలతో 'నార్మల్ కంట్రోల్' అని రాసి తేదీ వేశాడు. పేరు రాయలేదు. పన్నెండేళ్లుగా ఎప్పుడూ రాయలేదు.

నరసరావుపేటలో ఆస్పత్రుల వీధిలోని ఆ ల్యాబుకు యజమాని బ్రహ్మాజీ. ఒకప్పుడు మందుల షాపు నడిపినవాడు. తెల్లకోటు వేసుకున్నాక జనం డాక్టరు గారూ అనడం మొదలెట్టారు, ఆయన కాదనడం మానేశాడు. రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి కంపెనీ వాళ్లు కంట్రోల్ రక్తం అమ్ముతారు. బ్రహ్మాజీ కొనడు. "ఒంట్లో నిండా మంచి రక్తం పెట్టుకుని సీసా ఎందుకురా?" అన్నాడు తొలిరోజే.

జయపాల్ "సరే సార్" అన్నాడు. నలభై మూడేళ్లొచ్చాయి. ఆ మాట కాక ఇంకో మాట అతని నోట వీధిలో ఎవరూ విన్నట్టు లేదు.

రోజూ అతని రక్తం మిషన్‌లో పెడతారు. ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు వస్తే మిషన్ మంచిది. రాకపోతే చెడ్డది.

సోమవారం మిషన్ చెడ్డదైంది. లక్షా అరవై వేలు చూపించింది. తెల్లకణాలు తక్కువ, హిమోగ్లోబిన్ తక్కువ. బ్రహ్మాజీ మిషన్ లోపలి లెక్కను పెంచమన్నాడు. మంగళవారం ఇంకాస్త. గురువారానికి అది పెరగగలిగినంతా పెంచేశారు. ఇవాళ శుక్రవారం, అరవై వేలు.

"పోయిందిరా ఇది. ఇంజినీరుకి ఫోన్ కొట్టు," అన్నాడు బ్రహ్మాజీ. ఇద్దరిలో ఒక్కడికైనా ఆ రక్తం ఒక మనిషిదని గుర్తు రాలేదు.

కౌంటర్లో కూర్చునే జ్యోతిర్మయి జయపాల్ మోచేతి వైపు చూసింది. "చెయ్యేందన్నా, అట్టా కమిలింది? వదిన కొట్టిందా?"

"రోజూ గుచ్చుకుంటా కదమ్మా."

"మరి పళ్లెంబడి రక్తమేంది? అక్కడ గూడా గుచ్చుకుంటన్నావా?"

జయపాల్ నవ్వి, నోరు పుక్కిలించి వచ్చాడు. సింకులో నీళ్లు ఎర్రగా పోయాయి.

పదకొండింటికి ఎదురు ఆస్పత్రి డాక్టరు ఫోన్ చేశాడు. "ఏందయ్యా మీ ల్యాబు? డెంగ్యూ మనిషికి లక్ష ప్లేట్‌లెట్లా? ఒళ్లంతా రక్తపు చుక్కలు లేస్తంటే! ఇంకోసారి చూసి పంపు."

మూడేళ్లుగా గుడ్డ కప్పి ఉన్న మైక్రోస్కోపును జయపాల్ బయటికి తీశాడు. డెంగ్యూ రోగి రక్తంతో ఒక స్లయిడు, పక్కన పోల్చుకోవడానికి కంట్రోల్‌తో ఒకటి. రంగు వేసి, ఆరబెట్టి, కన్ను పెట్టాడు.

కంట్రోల్ స్లయిడులో కణాలు పెద్దవిగా ఉన్నాయి. వాటి కడుపులో సన్నటి ఎర్ర పుల్లలు, చేలో పత్తికట్టె మోపు కట్టి పడేసినట్టు.

గుంటూరులో డిప్లొమా చదివేటప్పుడు మాస్టారు ఇదే చూపించాడు. "లుకేమియాల్లో ఇది అరుదు. తొందర మాత్రం దీనికే ఎక్కువ. రక్తం గడ్డకట్టదు, తలలో కారి రోజుల్లో మనిషిని చంపుద్ది. కానీ ఎ-విటమిన్ జాతి మాత్ర ఒకటుంది. వెంటనే మొదలెడితే పదిమందిలో ఎనిమిది మంది బతికి ఇంటికి పోతారు. ఈ పుల్లలు కనపడ్డ రోజు మిగతా పనులన్నీ పక్కనబెట్టి పరిగెత్తండి."

జయపాల్ పరిగెత్తలేదు. యజమాని దగ్గరికి నడిచాడు.

"సార్, మిషన్ బానే ఉంది. నాకే బాలేదు. రక్త క్యాన్సరులా ఉంది. గుంటూరు పోవాల."

బ్రహ్మాజీ స్లయిడు చూడలేదు. చూసినా తెలిసేది కాదు. "పన్నెండేళ్లు నార్మల్‌గా ఉన్నోడివి, నాలుగు రోజుల్లో క్యాన్సరొస్తదా? రంగు పాతదయి ఉంటది. బయట ఇరవై మంది కూచున్నారు. రిపోర్టులిచ్చి రెండింటికి పో."

తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. వీధి చివర గుంటూరు బస్సు హారన్ కొడుతోంది. తిట్టి పోయినా సరిపోయేది, మాట్లాడకుండా పోయినా సరిపోయేది.

"సరే సార్," అన్నాడు జయపాల్.

మిషన్ లెక్కను సోమవారం పెంచకముందు ఉన్నచోటికి తిప్పి, ఇరవై రక్తాలూ మళ్లీ పెట్టాడు. డెంగ్యూ రోగికి పద్దెనిమిది వేలు. జ్యోతిర్మయి కాగితం పట్టుకుని రోడ్డు దాటింది. ఆ మనిషి బతికాడు. జయపాల్ పేరు అతనికి ఎవరూ చెప్పలేదు.

నూజెండ్ల నుంచి వచ్చిన రోశమ్మ కిటికీ పట్టుకుని నిలబడింది. "నాయనా, నాకేమన్నా పెద్ద రోగమా?"

"ఏం లేదు పెద్దమ్మా. నీ రక్తం బంగారం. పొయ్యి అన్నం తిను."

ఒకటిన్నరకు తలనొప్పి మొదలైంది. అయినా రాశాడు. ఇరవయ్యో రిపోర్టులో అంకెలు గీత దాటి కిందికి జారాయి. రెండుకు పది నిమిషాలుండగా బల్ల మీద తల వాల్చాడు.

"అన్నా, రెండవుతాంది. బస్సుకి పోవా?" అంది జ్యోతిర్మయి. మళ్లీ పిలిచింది.

అతన్ని గుంటూరు తీసుకుపోతున్న నూట ఎనిమిది అంబులెన్సు ఫిరంగిపురం దాటాక సైరన్ ఆపేసింది.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. తన పెట్టెలోంచి కంపెనీ కంట్రోల్ తీసి మిషన్‌లో పెట్టాడు. ప్రతి అంకె సరిగ్గా వచ్చింది. "మిషన్‌కి ఏమీ కాలేదు సార్. మీరు దేంతో చూశారు?"

బ్రహ్మాజీ తెల్లకోటు బొత్తాం పెట్టుకుంటూ స్టాండు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఊదారంగు మూత ట్యూబు ఒకటి ఉంది. అడుగున పావు వంతు ఎరుపు, పైనంతా పల్చటి పసుపు నీరు. మీద గుండ్రటి అక్షరాల్లో 'నార్మల్ కంట్రోల్', నిన్నటి తేదీ.