సౌనాలో చర్మపరీక్ష

తప్పంతా తూలిక్కిదే. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుంది, మిగతాది కాస్త న్యాయంగా చెప్పగలుగుతాను.

నా పేరు సొయిలే. ఫిన్లాండ్‌లో, సరస్సుల మధ్య ఉండే కువోపియోలో ఒక బడి వంటశాలలో పనిచేస్తాను. గురువారం గురువారం నాలుగు వందల మంది పిల్లలకు బఠాణీ సూపు కాచి పోస్తాను. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో నా ముఖానికి నేను చేసిన సేవ ఏదైనా ఉందంటే, చేతికందిన సబ్బుతో రుద్ది తువాలుతో తుడవడమే. అదీ పాపం ఏనాడూ ఫిర్యాదు చెయ్యలేదు.

దాని గురించి నాకు బెంగ పుట్టింది ఇల్పో వల్ల. మా భవనంలోనే నాలుగో అంతస్తులో ఉంటాడు. ఓడల ఇంజన్లు బాగుచేస్తాడు. మాట్లాడమంటే ప్రాణం పోతుంది ఆయనకి. కార్మిక భవనంలో శనివారాలు జరిగే డాన్సులకు ఇద్దరం వెళ్తాం. మూడు వారాలుగా టాంగో మొదలవగానే ఆయన తిన్నగా వచ్చి నాకే చెయ్యి చాపుతున్నాడు. చెంపకు చెంప ఆనించి నాట్యం చేస్తాం, మళ్ళీ తెచ్చి నా చోట్లో వదిలి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. అంతే. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

ఈలోగా మా పక్క వాటాలో ఉండే నేస్తం తూలిక్కి ఒక కబురు మోసుకొచ్చింది. ఇల్పోకి పడమటి సముద్రతీరాన రౌమా ఓడరేవులో పని దొరికిందట. వచ్చేదీ రానిదీ ఇరవయ్యో తారీకు, సోమవారంలోగా చెప్పాలట. హాల్లో నేలకు వార్నిష్ వేస్తున్నారని పదకొండో తారీకు శనివారం డాన్సు లేదు. ఇక మిగిలింది పద్దెనిమిది, ఒక్క శనివారం.

మా డాన్సుల్లో కొంతసేపు మగవాళ్ళు పిలుస్తారు, తర్వాత గంటసేపు ఆడవాళ్ళు పిలవాలి. ఆ గంటంతా నేను కాఫీ బల్ల దగ్గర దాక్కుంటాను. ఈసారి దాక్కోకూడదని, వెళ్ళి పిలిచి, ఉండిపొమ్మని నోరు తెరిచి అడగాలని ఒట్టు పెట్టుకున్నాను. అడిగే ముఖం కాస్త చూడబుద్ధయ్యేలా ఉంటే మంచిది కదా అని మందుల షాపుకి వెళ్ళాను.

"ముఖం కడుక్కోడానికి ఏదైనా మంచిది ఇవ్వమ్మా" అన్నాను.

"మీ చర్మం ఏ రకమండీ?" అంది కౌంటర్లో అమ్మాయి.

"మనిషి రకం."

ఆ పిల్ల నవ్వు ఆపుకుని పలచటి కాగితాల కట్ట ఒకటి తీసింది. "గోరువెచ్చటి నీళ్ళతో ముఖం కడుక్కోండి. ఏమీ రాయకండి. ఓ అరగంట ఊరికే కూర్చుని ఈ కాగితం నుదుటి మీదా చెంపల మీదా అద్దండి. నూనె మరక పడితే జిడ్డు చర్మం. ఏమీ పడకుండా ముఖం బిగుసుకుపోతే పొడి చర్మం. అది తెలిస్తే ఏది ఇవ్వాలో నే చూసుకుంటాను."

ఇంత తేలిక పనిని ఇంట్లో ఒక్కదాన్నే చేసుకుని ఉంటే ఈ కథ లేదు. తూలిక్కికి చెప్పాను.

"ముఖం బాగా శుభ్రంగా ఎక్కడ కడుక్కుంటామే మనం? సౌనాలోగా! బుధవారం అక్కడే చూసేద్దాం" అంది.

నాకూ అది సబబుగానే తోచింది. మాకు శుభ్రమంటే సౌనా, ఆ వేడి ఆవిరి స్నానమే, ఇంకో లెక్క లేదు.

బుధవారం ఐదు నుంచి ఆరు దాకా మా భవనం సౌనా ఆడవాళ్ళది, ఆరు దాటితే మగవాళ్ళది. పొయ్యి రాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించి, చెవులు కాలేదాకా కూర్చుని, ముఖాలు కడుక్కుని పక్కగదిలోకి వచ్చి కూలబడ్డాం. తూలిక్కి రాళ్ళ మీద కాల్చిన సాసేజీలు రేకు విప్పి పెట్టింది. చెరో రెండు లాగించాం. అరగంట కాగానే ఆవిడే కాగితం తీసి నా నుదుటి మీద అద్దింది, చెంపల మీద అద్దింది, లైటుకి ఎత్తిపట్టింది. కాగితానికి అవతల గోడ కనిపిస్తోంది.

"చెమటేమోనే" అన్నాను.

"చెమటైతే ఆరిపోదూ?" అని బల్ల మీద ఆరబెట్టింది. తడి ఆరింది, మరక ఆరలేదు. "చూడు! నూనె! ఒసేయ్, నీ ముఖం మీద గుడ్డు వేయించుకోవచ్చు!"

ఆరు కొట్టింది. బయట మగవాళ్ళు తువాళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డారు. తూలిక్కి మిగిలిన సాసేజీలూ మిగిలిన కాగితాలూ వాళ్ళ చేతుల్లో పెట్టి, ఏదో ఉపదేశం కూడా చేసి వచ్చింది. ఆవిడకి ఊరందరి బాగోగులూ కావాలి.

మర్నాడు షాపులో ఆ అమ్మాయి లేదు. నేనే అలమార వెతికి, బాగా జిడ్డు చర్మానికి అని రాసి ఉన్న జెల్ తెచ్చుకున్నాను. కాస్త వేస్తే బండెడు నురగ. పొద్దునా సాయంత్రమూ రుద్దాను. బయట చూస్తే మైనస్ ఇరవై ఆరు, లోపల హీటర్ల వేడి. నాలుగో రోజుకి నవ్వితే ముఖం చిరుగుతుందేమో అనిపించింది.

"పని చేస్తోందన్నమాట! నూనె బయటికి పోతోంది" అంది తూలిక్కి.

వారానికి నా ముఖం ఎర్రగా కంది, పొట్టు లేచింది. సూపు పోస్తుంటే మొదటి తరగతి పిల్ల ఒకత్తి తలెత్తి చూసి, "నువ్వు రాలిపోతున్నావు" అంది. గరిటె పడేసి షాపుకి పరిగెత్తాను. ఈసారి ఆ అమ్మాయి ఉంది.

"పరీక్ష ఎక్కడ చేశారండీ?"

"సౌనాలో."

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. "దాని తర్వాత గంటసేపు ఎవరి చర్మమైనా కారుతూనే ఉంటుందండీ. పోనీ, ఏమైనా తిన్నారా?"

"సాసేజీలు."

"చేతులు కడుక్కునే కాగితం పట్టుకున్నారా?"

కాగితం పట్టుకున్నది తూలిక్కి, సాసేజీ తిన్న చేత్తోనే. ఆ మరక సాసేజీదని అప్పటికి వెలిగింది నాకు. నాది శుద్ధ పొడి చర్మమని, దానికి నురగ రానిది, పాలలాంటిది కావాలని, అదీ రాత్రిపూట ఒక్కసారే వాడి పొద్దున ఉత్త నీళ్ళతో సరిపెట్టాలని చెప్పి ఆ పిల్ల ఓ సీసా ఇచ్చింది.

"ఎల్లుండికి తగ్గుతుందా?"

"పదిహేను రోజులండీ" అంది.

శనివారం తూలిక్కి పౌడరు డబ్బాతో దిగింది. అద్దినకొద్దీ పొట్టు నిక్కబొడుచుకుంది. అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. కన్నీళ్ళు పడ్డచోటల్లా మండింది.

"మానెయ్యవే, ఇంట్లో ఉండు. తప్పు నాదే" అంది తూలిక్కి. అలా ఒప్పుకోవడం ఆవిడ జన్మలో మొదటిసారి.

"సోమవారం ఆగదు కదా" అన్నాను. పౌడరంతా కడిగేసి, ఉత్త ముఖంతో వెళ్ళాను.

ఆ రోజు ఇల్పో ఎవరినీ పిలవలేదు. గోడవార బెంచీ మీద, మఫ్లరు ముక్కుదాకా లాక్కుని కూర్చున్నాడు. మనసు అప్పుడే రౌమా వెళ్ళిపోయిందనుకున్నాను. ఆడవాళ్ళ గంట మొదలైంది. కాఫీ బల్ల నన్ను రమ్మంటోంది. నా కాళ్ళని తిట్టుకుంటూ హాలు దాటి ఆయన ముందు నిలబడి చెయ్యి చాపాను.

ఇల్పో లేచాడు. మఫ్లరు కిందికి దించాడు. నుదురూ చెంపలూ కందిపోయి, బిర్చి చెట్టు బెరడులా పొరలు లేచి ఉన్నాయి.

"మీరూనా?" అన్నాను.

"తూలిక్కి గారు కాగితాలిచ్చారండి" అన్నాడు. "మాదీ జిడ్డేనని తేలింది."

"మీకెందుకండీ ఇవన్నీ?"

మఫ్లరు తీసి జేబులో కుక్కుకున్నాడు. "టాంగోలో చెంప ఆనుతుంది కదండి. బాగుండాలని."

పాట మొదలైంది. చెంపల మధ్య వేలెడు ఎడం ఉంచుకుని కదిలాం. రెండో పాట సగంలో కళ్ళు మూసుకుని అడిగేశాను.

"రౌమా వెళ్ళకండి. ఉండిపోండి."

ఆయన అడుగు తప్పాడు. నా కాలు తొక్కి, సర్దుకున్నాడు.

"మందుల షాపు అమ్మాయి కూడా అదే అందండి" అన్నాడు. "సముద్రపు గాలి పొడి చర్మానికి పడదట."

మా పద్ధతి ప్రకారం ఒకసారి పిలిస్తే రెండు పాటలు. అవి అయ్యాక నన్ను నా చోటికి చేర్చి, థాంక్స్ చెప్పి వెళ్ళాలి. రెండో పాట అయిపోయింది. ఇల్పో నా చెయ్యి వదల్లేదు. మూడోది మొదలయ్యేసరికి చెంపకు చెంప ఆనింది. భగ్గున మండింది, ఇద్దరికీ. ఎవరమూ పక్కకి జరగలేదు.